ఏటవాలు కోత

ఆ వేసవిలో మా ఇంట్లో నాకంటే నా చేతులకే ఎక్కువ మర్యాద జరిగింది.

కూరగాయలు తరగబోతే వదిన నా చేతిలోంచి కత్తి లాగేసుకునేది. పొయ్యి మీద గిన్నె దించబోతే అన్నయ్య ముందుగదిలోంచే "ఆగాగు, చేతులు జాగ్రత్త!" అని కేకేసేవాడు. ఒకసారి ఇస్త్రీపెట్టె తగిలి బొటనవేలు బొబ్బెక్కింది. ఇక చూడాలి! మందు రాయండి, గుడ్డ కట్టండి అని ఇల్లంతా ఒకటే హడావిడి. అంత హడావిడిలోనూ నొప్పిగా ఉందా అని అడిగినవాళ్ళు లేరు. "ఎల్లుండికల్లా కొమ్మలు గుచ్చగలవు కదా?" అని మాత్రం అన్నయ్య అడిగాడు.

మాది మొక్కల నర్సరీ. పూలపొదలే ఎక్కువ. మందారాలు, నందివర్ధనాలు, నూరు వరహాలు, కాగితంపూలు. పెరటి తలుపు తీస్తే నర్సరీ, నర్సరీ గేటు తీస్తే రోడ్డు. నేను ఇంట్లోంచి నర్సరీలోకీ, నర్సరీలోంచి ఇంట్లోకీ తప్ప ఆ గేటు దాటిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా మంచం నీళ్ళ మోటారు గదిలో ఉండేది. మోటారు ఆగిపోతే వెంటనే తెలుస్తుందని అన్నయ్యే అక్కడ వేయించాడు. కిటికీ లేని గది. మోటారు తిరుగుతుంటే మంచం కూడా సన్నగా వణికేది.

పొదలకి గింజలు నాటం. ముదురు కొమ్మని జానెడు ముక్కలుగా కోసి, ఆకులు దూసేసి, ఇసుక మడిలో గుచ్చుతాం. వేరు పడితే మొక్క, పడకపోతే పుల్ల. అది పడుతుందా లేదా అన్నది గుచ్చినవాళ్ళ చేతివాసి మీద ఉంటుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఆ చెయ్యి మొదట నాన్నది. జబ్బు చేసి నాన్నకి కుడిచెయ్యి పడిపోయాక ఆ యేడు మడి నేను గుచ్చాను. మొత్తం చిగురేసింది. "నాన్న చెయ్యి దీనికొచ్చింది" అన్నారు అందరూ. ఆ మాట విని ఎంత మురిసిపోయానో! ఆ మురిపెమే మెడకి చుట్టుకుంటుందని అప్పుడెవరికి తెలుసు?

అసలు చేతివాసీ లేదు, పాడూ లేదు. తెల్లారకముందే లేచి ఇసుకలో వేలు పెట్టి తడి చూస్తాను. ఎండ ముదిరేలోపు మళ్ళీ చూస్తాను. బూజు కనిపించిన పుల్లని తీసి అవతల పారేస్తాను. అంతే. ఈ మాట అన్నయ్యతో ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కించుకునేవాడు కాదు.

"అవన్నీ మేం చేసినా రావు కదే!" అనేవాడు.

"నువ్వెప్పుడు చేశావు?"

"అదేలే. మా చెల్లిది బంగారు చెయ్యండీ," అని కొనడానికి వచ్చినవాళ్ళ వైపు తిరిగేవాడు. మనుషుల్ని మునగచెట్టు ఎక్కించడంలో అన్నయ్యకి సాటిలేదు. ఎక్కాక కిందికి దిగడానికి నిచ్చెన మాత్రం ఉండదు. అంతకుముందు ఒక సంబంధం వచ్చింది. కొమ్మల సీజన్ అయ్యాక మాట్లాడదాం అన్నాడు. వాళ్ళు అంతవరకూ ఆగలేదు. నాకు ముప్ఫై దగ్గరపడ్డాయి.

ఆ వేసవి మధ్యలో తోట మేడమ్ వచ్చింది. ఒక పగలంతా బస్సులో కూర్చుంటే చేరే దూరంలో పెద్ద ఆసుపత్రి ఉంది, దాని చుట్టూ ఉన్న తోటలన్నీ ఆవిడ చేతికింద ఉంటాయి. మొక్కలు కొనడానికి వచ్చి, నేను మడిలో పుల్లలు చూసుకుంటుంటే వెనక నిలబడి చాలాసేపు చూసింది. అన్నయ్య బంగారు చెయ్యి పాట మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది.

"ఆ తడి చూడటం ఎవరు నేర్పారమ్మా నీకు?" అని నన్నడిగింది.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

వెళ్ళేముందు గేటు దగ్గర నన్నొక్కదాన్నే పిలిచి చెప్పింది. ఆసుపత్రి తోటకి సొంత నర్సరీ పెడుతున్నారు. దాన్ని చూసుకోవడానికి మనిషి కావాలి. ఉండటానికి గది కూడా ఇస్తారు. "రెండు కిటికీలుంటాయి, గాలి బాగా వస్తుంది," అంది. "వానలు పడేలోపు రా. రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటాను, ఏమీ అనుకోకు."

ఆ రెండు కిటికీల మాట నా బుర్రలోంచి పోలేదు. మోటారు గదిలో పడుకుని గోడలకేసి చూస్తూ, ఒక కిటికీ ఇటు, ఒకటి అటు అని ఊహించుకునేదాన్ని.

భోజనాల దగ్గర విషయం చెప్పాను. నాన్న ఎడమచేత్తో తింటున్నవాడు ఆగాడు. అన్నయ్య ఆగలేదు.

"వెళ్ళు. ఎవరొద్దన్నారు? ఈ సీజన్ ఒక్కటీ కానివ్వు," అన్నాడు.

"వానల్లోపే రమ్మంది."

"వానల్లోపా? మనం కొమ్మలు గుచ్చేది కూడా అప్పుడే కదా!" అప్పుడే తెలిసినట్టు మొహం పెట్టాడు. నాటకాల్లో వేషాలు వేయాల్సినవాడు, ఖర్మకొద్దీ మొక్కల్లో పడ్డాడు. "కొత్త కాలనీవాళ్ళు ఇంటింటికీ మందారం కంచె కావాలన్నారు. నీ చెయ్యి చూసే మనకిచ్చారు. ఇప్పుడు నువ్వు లేవంటే నేను ఏ మొహం పెట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళను?"

"నేను తప్ప ఇంకెవరూ గుచ్చలేరా?"

"ఎవరు గుచ్చుతారు? చెప్పు, నువ్వే చెప్పు."

నా చూపు వదిన మీద పడింది. వదిన పుట్టిల్లు కూడా నర్సరీయే. "వదిన చేత ఒక మడి పెట్టించు," అన్నాను. "అది చిగురేస్తే నేను వెళ్తాను."

వదిన వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. నా వైపు ఒక చూపు చూసింది. పని నెత్తిన పడిందని విసుక్కుంటోంది కాబోలు అనుకున్నాను.

"సరే! చిగురేస్తే వెళ్ళు. నేనే బస్సెక్కిస్తా," అన్నాడు అన్నయ్య. "మాట మీద నిలబడతా."

నాన్నకి జబ్బు చేశాక మాట నెమ్మదించింది. ఒక్కో ముక్కా వెతుక్కుని తెచ్చుకోవాలి. "ఆ పిల్లని..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు తిను నాన్నా, చల్లారిపోతోంది," అన్నాడు అన్నయ్య. నాన్న తల వంచుకుని తిన్నాడు.

మర్నాడు వదినని నీడపందిరి కిందికి తీసుకెళ్ళాను. కొమ్మలు కోసి చూపించాను. మా ఇంట్లో ఒక పద్ధతుంది. ముక్కకి కింది కొస ఏటవాలుగా కోస్తాం, పై కొస తిన్నగా కోస్తాం. ఆకులు దూసేశాక, కట్టలు కట్టి తడిగోనె కింద పెట్టాక, ఏది తలో ఏది కాలో తెలియాలి కదా. చీకట్లో చేత్తో తడిమినా తెలుస్తుంది.

"మా ఇంట్లో తిరగేసి కోస్తారు," అంది వదిన. "పైన ఏటవాలు. వాన నీళ్ళు కోత మీద నిలవకుండా జారిపోతాయని."

"అయితే జాగ్రత్త. ఇక్కడ ఏటవాలు కిందికి. ఇది మా ఇల్లని గుర్తుంచుకో."

"ఎలా మర్చిపోతాను? మీ అన్నయ్య రోజూ గుర్తు చేస్తూనే ఉంటాడుగా," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. వదినతో నాకెప్పుడూ పేచీ లేదు. నవ్వించే మనిషి. నవ్విస్తూనే తన సంగతి ఏమీ బయటపెట్టని మనిషి.

"కోత గుర్తు లేకపోయినా కన్ను చూసుకో," అన్నాను. ఆకు రాలిన మచ్చ మీద చిన్న బొడిపెలా ఉంటుంది కన్ను, చిగురు వచ్చేది అక్కడినుంచే. "కన్ను పైకి చూస్తుండాలి."

"తెలుసమ్మాయ్. నేను కూడా ఇసుకలో పుట్టినదాన్నే," అంది వదిన.

ఆ మడి వదిన ఒక్కతే గుచ్చాలని అన్నయ్య పట్టుబట్టాడు. నేను పక్కనుంటే నా చెయ్యి కలుస్తుందట. అందుకని ఆ రోజు నన్ను వ్యానులో ఎక్కించుకుని ఒక పెద్దావిడ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఇల్లు మారుతోంది. పాతింటి ముందు మనిషెత్తు మందారం పొద ఉంది. దాన్ని కొత్తింటికి తరలించాలి. అంత పొదని ఒక్కసారిగా పెకిలిస్తే చచ్చిపోతుంది. కొన్ని వారాల ముందే ఒక పక్క గుంట తీసి, వేర్లు కోసి, మెత్తటి మట్టి నింపి వదిలేశాం. కోసిన చోట పిల్లవేర్లు వచ్చాయి. ఇప్పుడు రెండో పక్క కోసి, వేరుముద్దని గోనెలో బిగించి లేపాలి.

తవ్వడం నాకిష్టం. పారకి వేరు తగిలినప్పుడు అరచేతికి తెలుస్తుంది, ఎంత లావుదో, ఏ దిక్కుకి పోయిందో. కానీ పార పట్టుకోనిచ్చారా! కూలీలు తవ్వుతుంటే నాకు కుర్చీ వేశారు. పెద్దావిడ గొడుగు పట్టింది. పొద లేపే సమయానికి "అమ్మాయి చెయ్యి వేసిందా? ముందు అమ్మాయిని చెయ్యి వెయ్యమనండి" అని ఒకటే గోల. నేను వెళ్ళి కొమ్మ మీద చెయ్యి పెట్టాను. నలుగురు మనుషులు కింద మూలుగుతూ లేపారు. పెద్దావిడ నాకు దణ్ణం పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. బొమ్మని ఊరేగించినా ఇంతకంటే కాస్త పని ఉంటుంది ఆ బొమ్మకి.

తిరిగొస్తుంటే వ్యానులో అన్నయ్య రోడ్డుకేసి చూస్తూనే అన్నాడు.

"నువ్వెళ్తే నేనేం చెయ్యాలే?"

"నేర్చుకో. అదేమన్నా బ్రహ్మవిద్యా?"

"చిన్నప్పుడు నాన్న నా చేత ఒక మడి పెట్టించాడు. నీకు గుర్తుండదు. మొత్తం ఎండిపోయింది. కూలీలందరి ముందూ నాన్న నవ్వాడు. వీడు పుల్లల వ్యాపారం పెట్టుకుంటే బాగుంటుందన్నాడు." గేరు మార్చాడు. "ఆ తర్వాత నేను ఇసుక ముట్టుకోలేదు."

నాకు జాలేసింది. వాడి మీద కోపం తెచ్చుకోవడం ఎప్పుడూ ఇంతే, సగంలో ఉండగానే కరిగిపోతుంది. "వదిన మడి వస్తుందిలే," అన్నాను, వాడికి ధైర్యం చెబుతున్నట్టు. నాకే చెప్పుకున్నాను నిజానికి.

రోజులు గడిచాయి. పందిరి అవతలి మడుల్లో నేను గుచ్చిన నందివర్ధనాలు గోరంత చిగుళ్ళు వేశాయి. వదిన మడి మాత్రం గుచ్చింది గుచ్చినట్టే ఉంది. దాన్ని నేను ముట్టుకోకూడదని కట్టడి. దూరంనుంచే చూసేదాన్ని. పుల్లల చివరలు మొదట వాడాయి, తర్వాత నల్లబడ్డాయి. మబ్బులు పట్టడం మొదలైంది. మబ్బు కమ్మినప్పుడల్లా మేడమ్ పెట్టిన గడువు గుర్తొచ్చేది.

ఒక మధ్యాహ్నం అన్నయ్య బయటికి వెళ్ళడం చూసి మడి దగ్గర కూర్చున్నాను. ఒక పుల్ల లాగాను. ఇసుకలోంచి తిన్నటి కోత బయటికొచ్చింది. ఏటవాలు కోత ఆకాశానికి ఉంది. కళ్ళన్నీ నేలకేసి చూస్తున్నాయి.

పొరపాటున ఒకటి తిరగబడిందేమో అనుకుని పక్కది లాగాను. అదీ అంతే. ఆ వరస, ఈ వరస, మధ్యలో, చివర్లో. ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా లేదు. తలకిందులుగా గుచ్చిన పుల్ల ఎంత నీళ్ళు పోసినా ఏం చేస్తుంది పాపం!

వదిన బట్టలు ఆరేస్తోంది. పుల్ల తీసుకెళ్ళి ఆవిడ మొహం ముందు పెట్టాను.

"ఇదేంటి వదినా?"

చూసింది. దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "అయ్యో. మా ఇంటి అలవాటు చొప్పున పెట్టేసినట్టున్నాను. ఏటవాలు పైకని."

"ఒకటి పెడితే అలవాటనుకుంటాను. మడి మొత్తమా? కన్ను కనబడలేదా నీకు? ఇసుకలో పుట్టానన్నావుగా?"

వదిన నవ్వలేదు. దుప్పటి అంచు సరిచేసింది. తర్వాత మెల్లగా అంది.

"మా అక్కది కూడా మంచి చెయ్యి. తెలుసా నీకు?"

"ఏ అక్క?"

"మా పెళ్ళికి వచ్చి వెనకాల నిలబడిందే, తెల్లజుట్టు. అందరూ మా అమ్మనుకున్నారు. నాకంటే ఆరేళ్ళే పెద్ద. ఇప్పటికీ అక్కడే మడి ముందు కూర్చుని ఉంది. దాన్ని చూసే నేను చిన్నప్పుడే నా చేత్తో ఏదీ బతకదని ఇంట్లో నమ్మించాను. అందుకే నాకు పెళ్ళయింది. నువ్వేమో నన్ను తీసుకెళ్ళి నీ చోట కూర్చోబెట్టి చక్కగా బస్సెక్కుదామనుకున్నావు."

నిజమే కదా. వదినకి ఇష్టమేనా అని నేను అడిగానా? నా చేతిలోంచి కత్తి లాగేసుకునే మనిషికి వేలు తెగితే ఏమవుతుందో నేనెప్పుడైనా ఆలోచించానా? మొహం చెల్లక పుల్లని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను.

"మరి నేనెలా వెళ్ళను వదినా?" అన్నాను చివరికి. ఏడుపొచ్చేసింది.

"నువ్వూ ఒక మడి తిరగేసి పెట్టు," అంది వదిన. "చెయ్యి పోయిందంటారు. అననీ. చెయ్యి పోయినదాన్ని ఎవరు పట్టుకుని కూర్చుంటారు?"

"నా వల్ల కాదు."

"ఎందుకు కాదు?"

"అవి చచ్చిపోతాయి కదా!"

వదిన నన్ను ఎగాదిగా చూసింది. "చూశావా, మీ అన్నయ్య కాదు నిన్ను కట్టేసింది," అని ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. అంతకంటే నిజమైన మాట ఆ వేసవిలో ఎవరూ నాతో అనలేదు, అందుకే మండింది.

అన్నయ్య వదిన మడి చూసి పెదవి విరిచాడు. పుల్లలు లాగి చూడలేదు. ఎండిన మడిని ముట్టుకోవడం వాడికి పడదు. "చెప్పానా? అందరికీ వస్తుందా ఆ చెయ్యి!" అన్నాడు. బాధపడుతున్నట్టు కనిపించాలని చాలా ప్రయత్నం చేశాడు.

రెండు రోజుల తర్వాత టీ తాగుతూ, గుర్తొచ్చినట్టు చెప్పాడు.

"అన్నట్టు, ఆ తోట మేడమ్ ఫోన్ చేసింది. వచ్చే యేడు వస్తుందిలెండి అని చెప్పేశాను. పాపం, మంచావిడ. ఏమీ అనుకోలేదు."

నా చేతిలో కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. "నాకెందుకు ఇవ్వలేదు ఫోను?"

"నువ్వు మడిలో ఉన్నావే. తడిచేతులు."

నాన్న నా మొహంకేసి చూశాడు. వదిన అన్నయ్య మొహంకేసి చూసింది. నేను లేచి అన్నయ్య ఫోను తీసుకుని, వాడు వద్దు వద్దంటుండగానే, పెరట్లోకి వెళ్ళి ఆవిడకి ఫోన్ చేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంకొకర్ని ఇంకా కుదుర్చుకోలేదంది ఆవిడ. రేపటి బస్సుకి రాగలవా అనడిగింది. వస్తానన్నాను.

ఫోను తిరిగిచ్చాను. "రేపు వెళ్తున్నాను," అన్నాను.

"వెళ్దువుగానిలే," అన్నాడు అన్నయ్య, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ముందు ఆ ముద్దమందారం మడి పెట్టెయ్యి. కొమ్మలు కోయించి ఉంచాను. తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం."

తీరిగ్గా మాట్లాడుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. మడి పెట్టాక తడి ఎవరు చూస్తారంటాడు. చిగురేశాక సంచుల్లోకి ఎవరు మారుస్తారంటాడు. ఆ తర్వాత కాలనీలో కంచె నాటాలి. ఆ తర్వాత మళ్ళీ వేసవి వచ్చేస్తుంది.

పందిరి కిందికి వెళ్ళాను. తడిగోనె ఎత్తాను. లేతగులాబీ రంగు ముద్దమందారం కొమ్మలు, కాలనీవాళ్ళు ఏరికోరి అడిగిన రకం. తల్లిపొదల్ని మోడులు చేసి మరీ కోయించాడు. ఇవి పోతే ఈ యేటికి ఇంక లేవు. కోతలు ఎంత చక్కగా ఉన్నాయో! కింద ఏటవాలు, పైన తిన్నగా.

మొదటి ముక్క తీసుకుని తిరగేశాను. ఇసుక దగ్గరికి తీసుకెళ్ళేసరికి నా వేళ్ళు దాన్ని వాటంతటవే సరిగ్గా తిప్పేశాయి. నా చెయ్యే నా మాట వినదే! మళ్ళీ తిరగేసి, కళ్ళు మూసుకుని గుచ్చాను. రెండోది గుచ్చాను. మూడోదానికి కళ్ళు తెరిచాను. చూస్తూనే చెయ్యాలనుకున్నాను. ఒక వరస అయ్యేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

అన్నయ్య వచ్చాడు. "అబ్బో, అప్పుడే ఒక వర..." అని ఆగిపోయాడు. ఇసుక ముట్టుకోడు గానీ నర్సరీలో పుట్టినవాడే. ఏటవాలు కోతలన్నీ వాడికేసి చూస్తున్నాయి.

"తలకిందులుగా ఉన్నాయే," అన్నాడు.

"ఊఁ."

"చూసుకోలేదా?"

"చూసుకునే పెడుతున్నాను." ఇంకొకటి గుచ్చాను.

వాడు నవ్వాడు. నేను నవ్వలేదని చూసి మానేశాడు. "పిచ్చి పట్టిందా నీకు? ఈ సీజన్‌కి ఇవే ఉన్నాయి!"

"తెలుసు."

"నీ చెయ్యి పోయిందంటారే అందరూ! ఇన్నేళ్ళ పేరు!"

"అననీ అన్నయ్యా. పేరు నువ్వుంచుకో."

ఇంకొకటి గుచ్చాను. వాడు నా మణికట్టు పట్టుకోబోయి ఆగిపోయాడు. అన్నేళ్ళుగా జాగ్రత్త జాగ్రత్త అన్న చెయ్యి కదా, గట్టిగా పట్టుకోవడం వాడికే చేతకాలేదు. "నాన్నా!" అని ఇంటివైపు తిరిగి కేకేశాడు. ఏదో మీద పడ్డట్టు కేకేశాడు.

నాన్న కర్ర ఊతంగా వచ్చాడు. వెనక వదిన వచ్చి పందిరి గుంజ దగ్గరే ఆగిపోయింది. నాన్న మడి చివర నిలబడి వరసంతా చూశాడు. నాకు తలెత్తే ధైర్యం లేదు. ఈ మందారం నాన్న తెచ్చిన రకం. ఎక్కడినుంచో ఒక్క కొమ్మ తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చి, దానిలోంచే ఇన్ని పొదలు చేశాడు. నాన్న తిట్టినా బాగుండేది. కన్నీళ్ళకి మడి కనబడటం లేదు. అయినా ఇంకొకటి తీసుకుని గుచ్చాను, తలకిందులుగానే.

కర్ర కింద పడిన చప్పుడైంది. నాన్న మడి గట్టు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. ఎడమచేత్తో మొదటి పుల్ల లాగాడు. తిప్పాడు. గుచ్చాడు. వంకరగా నిలబడింది. రెండోది లాగాడు.

"నాన్నా, నువ్వెందుకు, ఆ చేత్తో..." అన్నాడు అన్నయ్య.

నాన్న నా వైపు తిరిగాడు. నాతో అన్నాడు. మాటకీ మాటకీ మధ్య చాలాసేపు పట్టింది.

"నువ్వు లే. చేతులు... కడుక్కో."

"సగం పోతాయి నాన్నా," అన్నాను.

"పోనీ. అందరికీ... సగమే వస్తాయి."

మూడోది తిప్పి గుచ్చి, అన్నయ్యకేసి చూశాడు. పక్కన ఇసుక మీద ఎడమచేత్తో తట్టాడు, కూర్చో అన్నట్టు.

"నాకు రాదు నాన్నా," అన్నాడు అన్నయ్య. ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. వాడి గొంతు చిన్నపిల్లవాడి గొంతులా అయిపోయింది.

"నవ్వన్లే," అన్నాడు నాన్న.

అన్నయ్య ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని కూర్చున్నాడు. నేను లేచాను. నా గోళ్ళనిండా ఇసుక. వదిన గుంజ దగ్గర్నుంచే, "పెట్టె సర్దేశాను. మళ్ళీ మనసు మారకముందే రా అమ్మాయ్," అంది. తను మాత్రం పందిరి కింద అడుగు పెట్టలేదు.

అన్నయ్య ఒక ముక్క తీసుకున్నాడు. వేలితో కోత తడిమాడు. కన్ను వెతుక్కున్నాడు. గుచ్చాడు. చెయ్యి తీయగానే అది పక్కకి ఒరిగిపోయింది. చుట్టూ ఇసుక కాస్త అదిమితే నిలబడుతుంది. రెండు వేళ్ళు చాలు. నా ప్రాణమంతా ఆ పుల్ల మీదికే లాగింది. వంగితే చాలు, అందుతుంది. వంగితే మళ్ళీ అక్కడే కూర్చుంటానని కూడా నాకు తెలుసు.

అన్నయ్య తలెత్తి చూశాడు.

నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను. "చుట్టూ అదుము," అన్నాను. "గట్టిగా వద్దు. రెండు వేళ్ళతో."

అదిమాడు. నిలబడింది.

నేను కుళాయి వైపు నడిచాను.